చూపులెక్క: వంద వరకూ చెప్పే పిల్లకు నాలుగంటే తెలుసా?

మీ బల్ల మీద మూడు పెన్నులు పెట్టి, ఒక్కసారి చూసి కళ్లు తిప్పుకోండి. ఎన్ని అని అడిగితే మూడు అంటారు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టలేదు కదా? ఇప్పుడు పక్కవాళ్లను గుప్పెడు చింతగింజలు చల్లమనండి. తొమ్మిదో పదకొండో పడితే ఆగి లెక్కపెట్టాలి, లేదంటే రెండు మూడు గుంపులుగా విడదీసుకోవాలి. మూడుకూ తొమ్మిదికీ మధ్య ఎక్కడో మన కన్ను చేతులెత్తేస్తుంది.

ఎక్కడ అన్నది 1871లోనే ఒకాయన పరీక్షించి చూశాడు. ఎకనామిక్స్ ఆప్షనల్ తీసుకున్నవాళ్లకు ఆయన పరిచయమే: ఉపాంత ప్రయోజన సిద్ధాంతం చెప్పిన విలియం స్టాన్లీ జెవన్స్. గింజలను ఒక పెట్టెలోకి విసరడం, చూసిన క్షణంలో సంఖ్య చెప్పడం, తర్వాత లెక్కపెట్టి సరిచూసుకోవడం. ఇలా 1,027 సార్లు చేశాడు. మూడు, నాలుగు గింజలు పడినప్పుడు ఒక్క తప్పూ రాలేదు. ఐదు దగ్గర తప్పులు మొదలయ్యాయి. ఆ ఫలితాలు నేచర్ పత్రికలో వచ్చాయి. 1949లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ సామర్థ్యానికి సబిటైజింగ్ అని పేరు పెట్టారు. హఠాత్తుగా అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిన పేరది. ఈ వ్యాసంలో దాన్ని చూపులెక్క అంటాను.

మెయిన్స్ చదువుకునే మనకు దీనితో పనేమిటి అనుకోవచ్చు. జీఎస్-2లో విద్య మీద ప్రశ్న వస్తే మనమంతా ఒకే జవాబు రాస్తాం: జాతీయ విద్యా విధానం, నిపుణ్ భారత్, అసర్ గణాంకాలు, ఉపాధ్యాయ ఖాళీలు, చివర్లో ముందడుగు. ఆ జవాబులో పిల్లవాడు ఎక్కడా కనిపించడు. ఐదేళ్ల బుర్రలో 'నాలుగు' అనే భావం ఎలా పుడుతుందో తెలియకుండా పునాది సంఖ్యాజ్ఞానం గురించి రాస్తున్నాం. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన దేశంలో పిల్లలకు లెక్కల్ని నోటితో మొదలుపెట్టిస్తున్నాం, కంటితో మొదలుపెట్టించాలి. ఆ మార్పుకు బడ్జెట్ కన్నా ముందు ఆ వయసును చూసే పద్ధతి మారాలి.

లెక్కపెట్టడం వేరు, లెక్క తెలియడం వేరు

మా అక్క కూతురికి నాలుగున్నరేళ్లు. ఒకటి నుంచి వంద వరకూ గడగడా చెబుతుంది. చుట్టాలొస్తే చెప్పించుకుని చప్పట్లు కొడతాం. ఒకరోజు భోజనాల దగ్గర "నలుగురం ఉన్నాం, నాలుగు గ్లాసులు తేమ్మా" అన్నాను. చేతులకు అందినన్ని తెచ్చింది. "ఎన్నున్నాయో లెక్కపెట్టు" అంటే ఒక్కో గ్లాసునూ ముట్టుకుంటూ ఆరు దాకా చెప్పింది, మధ్యలో ఒకదాన్ని రెండుసార్లు ముట్టుకుంది. "అయితే ఎన్ని?" అన్నాను. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

అక్కకు కోపం వచ్చింది కానీ అందులో పిల్ల తప్పేమీ లేదు. తన దృష్టిలో 'ఎన్ని' అనే ప్రశ్నకు జవాబు ఆ పాట పాడటమే. రోచెల్ గెల్మన్, గాలిస్టెల్ 1978లో రాసిన పుస్తకంలో లెక్కింపుకు ఐదు సూత్రాలు చెప్పారు. ఒక వస్తువుకు ఒకే మాట వాడాలి. మాటల వరస మారకూడదు. చివరి మాటే మొత్తం సంఖ్య. దేన్నైనా లెక్కపెట్టవచ్చు. ఎటు నుంచి మొదలుపెట్టినా జవాబు మారదు. చాలామంది పిల్లలు చిక్కుకునేది మూడో సూత్రం దగ్గర. చివర్లో పలికిన 'నాలుగు' అనే మాట ఆఖరి గ్లాసు పేరు కాదని, మొత్తం గ్లాసుల సంఖ్య అని అర్థం కావడానికి సమయం పడుతుంది.

చూపులెక్క సాయపడేది సరిగ్గా ఇక్కడే. మూడు వస్తువులను చూడగానే మూడు అని గుర్తుపట్టే పిల్ల, వాటినే వేలితో ముట్టుకుంటూ ఒకటి, రెండు, మూడు అని ముగిస్తే, చివరి మాట, తాను ముందే చూసిన సంఖ్య ఒకటేనని తనకు తానే కనిపెడుతుంది. చూపు చెప్పిన జవాబు, నోరు చెప్పిన జవాబు కలుస్తాయి. లెక్కపెట్టడం ఎందుకో అప్పుడు తెలుస్తుంది. చూపు అందే చిన్న సంఖ్యల మీద ఈ కలయిక జరగకుండా నేరుగా యాభై, వంద దాకా వల్లె వేయిస్తే, అది పిల్లలకు అర్థం తెలియని శ్లోకం లాంటిదే.

ఈ చూపుకు బీజం పుట్టుకతోనే ఉన్నట్టుంది. 1992లో కరెన్ విన్ ఐదు నెలల పసివాళ్లకు ఒక బొమ్మ చూపించి, దానికి తెర అడ్డుపెట్టి, వాళ్లు చూస్తుండగానే తెర వెనక ఇంకో బొమ్మ పెట్టింది. తెర తీసినప్పుడు రెండు కాకుండా ఒక్కటే ఉంటే పసివాళ్లు ఎక్కువసేపు చూశారు. ఉండాల్సినవి లేవని వాళ్లకు ఎలాగో తెలిసింది. లిపి చరిత్రలోనూ ఈ హద్దు కనిపిస్తుంది. బ్రాహ్మీ అంకెల్లో 1, 2, 3 వరుసగా ఒకటి, రెండు, మూడు గీతలు. 4 దగ్గర గుర్తు మారిపోతుంది. చైనా అంకెల్లోనూ అంతే. నాలుగో గీత తర్వాత కన్ను తడబడుతుందని ఆ రాతగాళ్లకు అనుభవం నేర్పి ఉండాలి.

రెండో మెట్టు: ఐదులో మూడూ రెండూ చూడటం

మూడు నాలుగు దాకా పుట్టుకతో వచ్చేదే అయితే నేర్పేదేముంది? ఈ ప్రశ్నకు జవాబు డగ్లస్ క్లెమెంట్స్ 1999లో రాసిన వ్యాసంలో దొరుకుతుంది. ఆయన చూపులెక్కను రెండుగా విడదీశాడు. చిన్న గుంపును ఉన్నపళంగా గుర్తించడం మొదటిది. పెద్ద గుంపును చిన్న గుంపుల కలయికగా చూడటం రెండోది. పాచిక మీద ఆరు చుక్కలు చూసినప్పుడు మన కన్ను మూడు, మూడు అని విడదీసి ఆరు అంటుంది. ఏడు వేళ్లు చూపిస్తే ఒక చెయ్యి నిండా ఐదు, ఇంకో చేతిలో రెండు అని గ్రహిస్తాం. ఇది పుట్టుకతో రాదు. అలవాటుతో, ఆటతో, పెద్దవాళ్లు వేసే ప్రశ్నలతో వస్తుంది.

ఇప్పుడు అసర్ లెక్క దగ్గరకు రండి. 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతం. 2018లో ఇది 28.2, కోవిడ్ తర్వాత 2022లో 25.9. అంటే మెరుగుపడ్డాం, ఒప్పుకోవాలి. అయినా ముగ్గురిలో ఇద్దరికి రావడం లేదు. ఐదో తరగతిలో భాగహారం చేయగలిగినవాళ్లు 30.7 శాతమే.

ఆ తీసివేత ఎలాంటిదో మనం చూడం. అది రెండంకెల సంఖ్యలతో, అప్పు తెచ్చుకుని చేసే తీసివేత. ఉదాహరణకు 41లోంచి 13 తీయాలంటే మధ్యలో 11లోంచి 3 తీయాలి. పదకొండును పదీ ఒకటిగా చూడగలిగిన పిల్ల, ఒకటి తీసి, పదిలోంచి ఇంకో రెండు తీసి, ఎనిమిది అంటుంది. అలా చూడలేని పిల్ల పలక మీద పదకొండు గీతలు గీసి, మూడు కొట్టేసి, మిగిలినవి ఒకటి నుంచి లెక్కపెడుతుంది. ఒక్క గీత తప్పినా జవాబు తప్పు. పెద్ద సంఖ్యలు వచ్చేసరికి గీతలకు పలక చాలదు. అప్పుడు ఆ పిల్లకు లెక్కలు రావని మనమంతా తీర్మానిస్తాం. మూడో తరగతిలో బయటపడే ఈ లోటు మొదలైంది మూడో తరగతిలో కాదు. నాలుగేళ్ల వయసులో పదిని ఐదూ ఐదుగా, ఐదును మూడూ రెండుగా ఎవరూ చూపించకపోవడంతో మొదలైంది.

మన ఆటలు చేసిన పని

ఇదంతా విదేశీ సిద్ధాంతం అనుకోవద్దు. అచ్చంగిల్లాలు గుర్తు తెచ్చుకోండి. ఐదు రాళ్లు. ఒకటి ఎగరేసి, అది కింద పడేలోగా మిగతా నాలుగింటినీ మొదట ఒక్కొక్కటిగా, తర్వాత రెండేసి, ఆ తర్వాత మూడూ ఒకటీ, చివరికి నాలుగూ ఒకేసారి తీయాలి. నాలుగును ఎన్ని రకాలుగా విడదీయొచ్చో ఆ ఆట చేతి వేళ్లకు నేర్పుతుంది. రాయి గాల్లో ఉండగా లెక్కపెట్టే తీరిక ఉండదు కాబట్టి చూపే లెక్కవుతుంది. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఎన్ని పడ్డాయో పక్కవాడి కన్నా ముందు అరవాలి. వామనగుంటల్లో గుంటలోని గింజలను ఒక చూపుతో అంచనా వేయనివాడు ఓడిపోతాడు. ఇదే కుటుంబానికి చెందిన ఆటలు తమిళనాడులో పల్లాంగుళిగా, శ్రీలంకలో ఒలింద కెలియగా ఉన్నాయి.

పాత రోజులే బాగుండేవని నేననను. ఆ రోజుల్లో అచ్చంగిల్లాలు ఆడిన ఎందరో ఆడపిల్లలను బడికే పంపలేదు. కళ్లకు, చేతులకు లెక్క వచ్చినా కాగితం మీదకు రాలేదు. ఈ మాట కింద మళ్లీ అవసరమవుతుంది.

హక్కుకు బయట ఉన్న వయసు

పాలిటీ కోణం ఇది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ 21ఎ అధికరణను చేర్చి, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కు చేసింది. అదే సవరణ 45వ అధికరణను మార్చి, ఆరేళ్లు నిండేవరకూ పిల్లల సంరక్షణ, విద్యను ఆదేశిక సూత్రాల్లో ఉంచింది. అంటే రాజ్యం ప్రయత్నించాలి, అంతే. విద్యాహక్కు చట్టం 2009లోని 11వ సెక్షన్ కూడా మూడు నుంచి ఆరేళ్లవారికి ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అంటుంది తప్ప చేసి తీరాలి అనదు.

మరోవైపు 2020 జాతీయ విద్యా విధానం మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని రాసుకుంది. 3 నుంచి 8 ఏళ్లను ఒకే పునాది దశగా గుర్తించింది. 2021 జూలై 5న మొదలైన నిపుణ్ భారత్, 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి పిల్లకూ చదవడం, లెక్కలు వచ్చి తీరాలని గడువు పెట్టింది. గడువు మూడో తరగతికి, హక్కు ఆరో ఏడు నుంచి, పునాది పడేదేమో మూడో ఏడు నుంచి. ఈ మూడూ ఒకదానితో ఒకటి అతకడం లేదు.

ఆ ఖాళీలో ఉన్నది అంగన్‌వాడీ. 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ కింద ఇవాళ దేశంలో దాదాపు 14 లక్షల కేంద్రాలున్నాయి. 2023లో వచ్చిన 'పోషణ్ భీ పఢాయీ భీ' కార్యక్రమం, 3 నుంచి 6 ఏళ్లవారి కోసం 2024లో వచ్చిన 'ఆధార్‌శిల' పాఠ్య ప్రణాళిక కాగితం మీద సరైన దిశలోనే ఉన్నాయి. కానీ నిపుణ్ లక్ష్యాల పట్టికలో బాలవాటికకు కనిపించేది పది వరకూ అంకెలు గుర్తించి చదవడం, వస్తువులను వరసలో పెట్టడం. ఒకటో తరగతికి 99 వరకూ చదవడం, రాయడం. గోడ మీది పట్టికలో ఏముంటే టీచరు అదే చెబుతుంది, తనిఖీకి వచ్చిన అధికారి అదే అడుగుతాడు. అంకె చదవడం మీద ఉన్న పట్టు, ఆ అంకె వెనకున్న రాశి మీద కనిపించదు.

ఎదురు వాదనలు

మొదటిది బలమైనది. చూపులెక్క ఆటలు ఆడించినంత మాత్రాన బడి లెక్కలు వస్తాయా? రావని చెప్పే ఆధారం మన ఢిల్లీలోనే ఉంది. మోయిరా డిలన్, ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు ప్రథమ్ సంస్థతో కలిసి ఢిల్లీలోని ప్రీస్కూళ్లలో చేసిన ప్రయోగం 2017లో సైన్స్ పత్రికలో వచ్చింది. చుక్కల గుంపుల్లో ఏది ఎక్కువ, ఏ ఆకారం వేరు వంటి ఆటలు నెలల తరబడి ఆడించారు. ఆ సహజ సామర్థ్యాలు పెరిగాయి, ఏడాది తర్వాత కూడా నిలిచాయి. కానీ ఒకటో తరగతికి వెళ్లాక అంకెలతో చేసే లెక్కల్లో ఆ పిల్లలు ముందున్నట్టు కనిపించలేదు.

ఈ ఫలితాన్ని దాచిపెట్టి వ్యాసం రాయడం సరికాదు. ఆ ఆటలు ఎక్కువగా పెద్ద గుంపుల అంచనాకు సంబంధించినవి, నేను చెబుతున్నది చిన్న గుంపుల కచ్చితమైన గుర్తింపు గురించి. అయినా హెచ్చరిక హెచ్చరికే. అభిజిత్ బెనర్జీ, డుఫ్లో బృందం 2025లో నేచర్‌లో ప్రచురించిన అధ్యయనం దీన్ని ఇంకోవైపు నుంచి చూపించింది. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లలు బేరాల లెక్కలన్నీ నోటితో చేసేస్తారు, అదే లెక్కను బడి పద్ధతిలో ఇస్తే తడబడతారు. బడి పిల్లలకేమో మార్కెట్ లెక్క అందదు. రెండు ప్రయోగాలూ కలిపి చదివితే ఒక్కటే అర్థమవుతుంది: లెక్క మీద అవగాహన ఒక ఒడ్డున, అంకెల గుర్తులు ఇంకో ఒడ్డున ఉంటే వంతెన దానంతట అది పడదు. అచ్చంగిల్లాలు ఆడిన మన అమ్మమ్మలకు జరిగిందీ అదే. కాబట్టి నాలుగు గింజలు, 'నాలుగు' అనే మాట, 4 అనే అంకె ఒకే ఆటలో, ఒకే నిమిషంలో పిల్ల ముందుకు రావాలి. ఆట విడిగా, అంకె విడిగా పెడితే రెండూ వృథా.

రెండోది అంగన్‌వాడీ కార్యకర్తల భారం. పోషణ్ ట్రాకర్ నింపాలి, పిల్లల బరువు తూచాలి, సరుకులు పంచాలి, సర్వేలకు తిరగాలి. కేంద్రం 2018లో నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 4,500 రూపాయలు, దానిపై రాష్ట్రాలు కొంత కలుపుతాయి. వాళ్ల మీద ఇంకో పథకం రుద్దితే అది రిజిస్టర్‌లో మాత్రమే నడుస్తుంది. ఇది పూర్తిగా నిజం. అందుకే నేను కొత్త పథకం అడగడం లేదు, ఉన్న సమయంలో ఐదు నిమిషాలు అడుగుతున్నాను. గౌరవ వేతనం సంగతి తేల్చకుండా వాళ్ల నుంచి బోధన ఆశించడం న్యాయం కాదన్నది మాత్రం జవాబులో రాయాల్సిన మాటే.

మూడోది మన మధ్యతరగతి జబ్బు. చూపులెక్క అనగానే ఫ్లాష్ కార్డులు కొని, రెండేళ్ల పిల్లకు రోజూ యాభై కార్డులు చూపించే ఇళ్లుంటాయి. అది మళ్లీ వల్లె వేయించడమే, నోటి బదులు కంటితో.

ఏం చేయొచ్చు

గుడ్ల అట్ట తీసుకోండి. అంగన్‌వాడీకి గుడ్లు వచ్చే చోట అట్టలు ఊరికే దొరుకుతాయి. 30 గుంటల అట్టలోంచి ఐదేసి గుంటలున్న రెండు వరసలు కత్తిరిస్తే పది గుంటల చట్రం తయారు. అందులో ఏడు గింజలు వేస్తే ఒక వరస నిండి, రెండో వరసలో రెండు ఉంటాయి. పదికి ఇంకో మూడు తక్కువని ఖాళీ గుంటలే చెబుతాయి. పక్కన సుద్దముక్కతో 7 రాయాలి. ఖర్చు సున్నా.

పరీక్షించే ప్రశ్న మార్చాలి. అధికారి కేంద్రానికి వెళ్లినప్పుడు "యాభై వరకూ చెప్పు" అనడం మాని, నాలుగు గింజలు రెండు సెకన్లు చూపించి, గుడ్డ కప్పి, "ఎన్ని చూశావు? ఎలా చూశావు?" అని అడగాలి. "అటు రెండు, ఇటు రెండు" అనే జవాబు వంద అంకెల పాట కన్నా ఎక్కువ చెబుతుంది. తనిఖీలో ఏది అడిగితే శిక్షణలో అదే వస్తుంది, శిక్షణలో ఏది వస్తే కేంద్రంలో అదే జరుగుతుంది. మన పాలనా వ్యవస్థ నడిచే తీరే అది.

మూడోది ఇంటి పని. ఇక్కడ మన భాష కూడా సాయం చేస్తుంది. తెలుగులో మనుషులకు ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు అని విడి మాటలున్నాయి. ఎనిమిది దగ్గరకు వచ్చేసరికి 'ఎనిమిది మంది' అంటాం. అన్నం పెట్టేటప్పుడు "మనం ముగ్గురం, కంచాలు ఎన్ని?" అని అడిగే తల్లి సంఖ్యాజ్ఞానం నేర్పుతోంది. తనకు చదువు రాదని ఆమె అనుకుంటే, ఆ మాట తప్పని చెప్పాల్సింది ప్రభుత్వమే.

ఇదంతా మీ జవాబులో ఎక్కడ పెట్టాలి? పునాది సంఖ్యాజ్ఞానం మీద ప్రశ్న వస్తే, గణాంకం రాసిన వెంటనే దాని వెనక కారణాన్ని ఒక్క వాక్యంలో రాయండి: పిల్లలకు అంకెల వరస వచ్చింది, రాశి రాలేదు. 21ఎ, 45 అధికరణల మధ్య ఖాళీని చూపించండి. ఢిల్లీ ప్రయోగాన్ని మీ వాదనకు వ్యతిరేకమైన ఆధారంగా మీరే ప్రస్తావించి, దాని నుంచి సూచన రాబట్టండి. ఎగ్జామినర్ మార్కులేస్తాడో లేదో నేను చెప్పలేను, జవాబు మాత్రం నిజాయితీగా ఉంటుంది.

మనలో కొందరు రేపు ఏదో ఒక జిల్లాలో అంగన్‌వాడీ గుమ్మం ముందు జీపు దిగుతారు. పిల్లలు వరసగా నిలబడి వంద వరకూ అప్పజెబుతారు, చుట్టూ ఉన్నవాళ్లు మీ చప్పట్ల కోసం చూస్తారు. అప్పుడు జేబులోంచి నాలుగు చింతగింజలు తీయండి. ఈలోపు ఇంట్లో నాలుగేళ్ల పిల్ల ఉంటే ఇవాళే మొదలుపెట్టొచ్చు. మా అక్క కూతురు ఇప్పుడు గ్లాసులు సరిగ్గా నాలుగే తెస్తోంది. "ఎలా తెలిసింది?" అంటే, "ఈ చేతిలో రెండు, ఈ చేతిలో రెండు" అంటోంది.